మూడు రూపాయల వడ్డీకి పాత బేలర్‌ను మార్పించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గర ఊరు. నాలుగెకరాల వరి, రెండు పాడి గేదెలు ఉన్నాయి. ట్రాక్టరుకు ఆరు నెలలకోసారి 62,000 కిస్తీ కడుతున్నాను. రెండేళ్ల కిందట పాత రౌండ్ బేలర్ కొని, కిరాయికి వరిగడ్డి కట్టలు కడుతున్నాను. కట్టకు 30 రూపాయలు. సీజన్‌కు 20 రోజుల పని, 7,000 కట్టలు. పికప్ (చేనులో గడ్డిని ఎత్తే భాగం) వెడల్పు చేసి, దారం చుట్టే పని ఆటోమేటిక్‌గా మార్చి, చైన్లు, బేరింగులు కొత్తవి వేయడానికి వర్క్‌షాపులో 1,40,000 అడుగుతున్నారు. రోజుకు వంద కట్టలు ఎక్కువ పడతాయట. చేతిలో 55,000 ఉన్నాయి. మిగతా 85,000 తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. లక్ష రూపాయల చిట్టీలో 20 నెలలకు 9 నెలలు కట్టాను. దాన్ని ఎత్తడం మంచిదా, అప్పు మంచిదా? లెక్కపుస్తకం ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: రెండూ వద్దు. మీ ఒక్కరికే చెప్పి ఊరుకోకుండా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. హార్వెస్టర్, బేలర్, ట్రాలీ, ఏది కిరాయికి తిప్పేవారైనా మంచి సీజన్ పేజీని చూసి అప్పు చేస్తారు. చెడ్డ సీజన్ పేజీ అదే పుస్తకంలో ఉంటుంది, దాన్ని తిప్పి చూడరు.

మీరు పంపిన ఫోటోల్లో 2025 వానాకాలం పేజీ కూడా ఉంది. ఆ అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండ జిల్లాల్లో కోతకొచ్చిన వరి నీళ్లలో నానింది. తడిగడ్డిని బేలర్ చుట్టదు, చుట్టినా కట్ట బూజు పడుతుంది. ఆ పేజీలో మొత్తం 2,400 కట్టలే ఉన్నాయి. అంచున పెన్సిల్‌తో ‘బావమరిది 40,000’ అని రాసి ఉంది. ఆ కిస్తీ ఎలా గడిచిందో దాన్నిబట్టే తెలుస్తోంది. ప్రశ్నలో మాత్రం ఆ సీజన్ ఊసే ఎత్తలేదు.

మీ పుస్తకంలోని అంకెలతోనే లెక్క వేద్దాం. కట్టకు డీజిల్ 8, దారం 4, డ్రైవరు, కూలీ కలిపి 4 రూపాయలు. పోయిన సీజన్ విడిభాగాలకు పెట్టిన 32,000 కట్టలకు పంచితే సుమారు నాలుగున్నర. 30లో మీకు మిగిలేది తొమ్మిదిన్నర రూపాయలు. 7,000 కట్టలకు 66,500. ట్రాక్టరు కిస్తీ పోగా మీ చేతిలో ఉండేది 4,500. కట్టకు 30 చొప్పున 2,10,000 ఆదాయంగా కనిపించే సీజన్ ఇదే.

వర్క్‌షాపువారి మాటే నిజమై రోజుకు వంద కట్టలు పెరిగాయనుకుందాం. సీజన్‌కు 2,000 కట్టలు. కూలీ పెరగదు కాబట్టి కట్టకు పదమూడున్నర చొప్పున 27,000 అదనంగా వస్తుంది. 85,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,550, ఆరు నెలలకు 15,300. మంచి సీజన్‌లో అసలు కొంత తీరుతుంది, కాదనను. ఇక 2025 లాంటి సీజన్ మళ్లీ వస్తే? 2,400 కట్టలకు తొమ్మిదిన్నర చొప్పున మిగిలేది 22,800. కట్టాల్సింది కిస్తీ 62,000, వడ్డీ 15,300. కొరత 54,500. యంత్రంలో పోయబోతున్న మీ 55,000 సరిగ్గా ఆ రోజుకు కావలసిన డబ్బు.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ‘తెలిసినవారు’ అన్న మాటకు వడ్డీ ఏమీ తగ్గడం లేదు. గడ్డి తడిసిందని వారు ఒక నెల వదులుకోరు. ఇలాంటి అప్పుతో యంత్రం బాగుపడితే ఆ లాభం వడ్డీకి అప్పు ఇచ్చినవారికే చేరుతుంది. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ, ఏమీ అనుకోకండి.

మీకు ముందు కావలసింది ఆపద నిధి. ఒక ట్రాక్టరు కిస్తీ 62,000, ఒక సీజన్ విడిభాగాలు 32,000, ఇంటి ఖర్చు నెలకు 15,000 చొప్పున మూడు నెలలకు 45,000. మొత్తం 1,39,000. వర్క్‌షాపు అంచనాకు వెయ్యి తక్కువ! ఆ డబ్బు ఖాతాలో లేనంతవరకు వెడల్పు పికప్ మాట ఎత్తవద్దు. నెల జీతం వచ్చేవారికి మూడు నెలల ఖర్చు దాచుకోమంటే సరిపోతుంది. మీ ఆదాయం ఏడాదికి రెండుసార్లే వస్తుంది, అదీ వాన దయతో. అందుకే కిస్తీని కూడా కలిపాను.

అలాగని అరిగిన బేరింగులతో యాసంగి గడ్డిలోకి దిగమనను. పట్టేసిన బేరింగు వేడికి చుట్టూ చేరిన పొట్టు అంటుకుంటే యంత్రం, చేనులోని గడ్డి రెండూ కాలిపోతాయి. వర్క్‌షాపులో అంచనాను రెండు ముక్కలుగా రాయించండి. బేరింగులు, చైన్లు, వంగిన పికప్ పళ్లు ఒక ముక్క. మీ కాగితం ప్రకారం అది 22,000. మీ 55,000లోంచి అంతవరకే ఖర్చు పెట్టి, మిగిలిన 33,000 ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి. దారానికి డబ్బు చాలకపోతే కిరాయికి పిలిచే రైతునే ముందుగా అడగండి, అందులో తప్పేమీ లేదు.

వెడల్పు పికప్ గురించి ఒక మాట. హార్వెస్టర్ వదిలిన గడ్డి వరుసను ఇప్పుడున్న పికప్ పూర్తిగా ఎత్తుతుంటే వెడల్పు పెంచి లాభం లేదు. ఛాంబరు (గడ్డిని కట్టగా చుట్టే గది) మింగగలిగిన దానికంటే ఎక్కువ గడ్డి వెళ్తే ఇరుక్కుంటుంది, ట్రాక్టరు మీద భారం పెరుగుతుంది. దారం ఆటోమేటిక్ పని మంచిదే, కట్టకట్టకూ ఆగే సమయం తగ్గుతుంది. నిధి నిండాక మొదట అదే చేయించండి.

చిట్టీని ఇప్పుడే పాట పాడి ఎత్తితే లక్షలో కొంత తరుగు కింద పోతుంది. మిగతా 11 నెలలూ కట్టి చివర్లో తీసుకుంటే దాదాపు లక్ష నేరుగా ఆపద నిధిలోకి వస్తుంది. అది రిజిస్టరైన చిట్టీయేనా? కాకపోతే ఈ వారమే కాగితాలు అడగండి.

మీ ఉత్తరంలో ప్రమాద బీమా ఊసు లేదు. రైతు బీమా 5 లక్షలు మనిషి పోతేనే ఇస్తారు. ఇరుక్కున్న గడ్డి లాగబోయి చేయి పోతే అందులో రూపాయి రాదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. ఒక చేయి పోతే లక్ష, రెండూ పోతే 2 లక్షలు వస్తాయి. మీకూ, డ్రైవరుకూ, కూలీకీ బ్యాంకులో రాయించండి. అది చాలదు కాబట్టి మీ పేరు మీద పది లక్షల వ్యక్తిగత ప్రమాద పాలసీ విడిగా తీసుకోండి. బీమా ఉందికదా అని పీటీఓ (ట్రాక్టరు నుంచి బేలర్‌ను తిప్పే షాఫ్టు) ఆపకుండా ఎవరూ బేలర్‌లో చేయి పెట్టకూడదు.

పంట రుణం సకాలంలో కడితే 4 శాతానికే పడుతుంది, కానీ అది పంటకే ఉంచండి. యాంత్రీకరణ సబ్సిడీ కొత్త యంత్రాలకు. ఎప్పుడైనా పాత బేలర్ అమ్మి కొత్తది కొనాలనుకుంటే ముందు మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. సీజన్ మధ్యలో యంత్రం కూలబడి అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో బంగారం పెట్టండి, మూడు రూపాయల గుమ్మం ఎక్కకండి.

వర్క్‌షాపుకు వెళ్లేటప్పుడు పాత బేరింగుల నంబర్లు రాసుకుని వెళ్లండి. కొత్తవాటికి బిల్లు తీసుకోండి, తీసేసిన పాత సామాను మీరే తెచ్చుకోండి.