నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టకముందే మాట్లాడండి

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. ఈ మధ్యే డిగ్రీ పూర్తయింది. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఏడాది మాస్టర్స్ కోర్సుకు సీటు వచ్చింది కానీ స్కాలర్‌షిప్ రాలేదు. మాకున్న ఒక్క ఇంటినీ తాకట్టు పెట్టి పంపిస్తానని నాన్న అంటున్నారు. ఆయనకు పైచదువు చదివే అవకాశం రాలేదు కాబట్టి, నాకు సీటు వచ్చిందని అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నారు. నిజానికి స్నేహితులందరూ దరఖాస్తు చేస్తుంటే నేనూ చేశానే తప్ప, ఆ కోర్సు మీద నాకంత మనసు లేదు. తమ్ముడు ఇంకా బడిలో ఉన్నాడు. వెళ్లనంటే నాన్న మనసు విరిగిపోతుందేమోనని, ఇదంతా నా పిరికితనమేనేమోనని నిద్ర పట్టడం లేదు. డిపాజిట్ కట్టడానికి ఇంకా నెల గడువుంది. ఏం చేయమంటారు?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో చదువు, ప్రయాణం, అప్పు అనే మూడు విషయాలు ఒకే ముడిగా పడిపోయాయి. నాన్నగారి సంతోషం ఆ ముడిని ఇంకా బిగిస్తోంది. పిరికితనం అన్న మాట మీకు మీరే తగిలించుకున్నారు గనుక ముందు దాని సంగతి చూద్దాం. ఇదే కోర్సు, ఇవే పాఠాలు, ఇదే ఫీజుతో మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో చెబుతున్నారనుకోండి. అప్పుడు చేరతారా? చేరతాననే సమాధానం వెంటనే వస్తే, మిమ్మల్ని ఆపుతున్నది ఇల్లు విడిచి వెళ్లాలన్న బెంగ మాత్రమే. అది చాలామందికి ఉంటుంది, వెళ్లిన కొన్ని వారాలలో తగ్గుతుంది కూడా. చేరనని అనిపిస్తే మీకు ఇష్టం లేనిది ఆ చదువే. ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఇష్టం లేని చదువు చదవడంలో ధైర్యమేమీ లేదు. ఒకే రోజు అడిగి తేల్చేయకుండా, కోర్సులో ఉండే సబ్జెక్టుల జాబితాను ముందు పెట్టుకుని, ఏవి మీకు నిజంగా చదవాలనిపిస్తున్నాయో గుర్తు పెట్టుకుంటూ రెండు మూడు సార్లు ఈ ప్రశ్న వేసుకోండి.

ఇక నెల గడువు ఉందన్నారు. నిజానికి మీ చేతిలో అంత సమయం లేదని నా అనుమానం. చాలా విశ్వవిద్యాలయాలు డిపాజిట్ అందాకే వీసాకు కావలసిన ధ్రువీకరణ పత్రం ఇస్తాయి. సొంత డబ్బు చూపించి బ్రిటన్ విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు ఆ మొత్తాన్ని సాధారణంగా వరుసగా 28 రోజులు ఖాతాలో ఉంచాలి. అంటే నాన్నగారు తాకట్టు పత్రాల మీద సంతకం చేసే రోజు, మీరు మనసులో లెక్క వేసుకున్న తేదీ కంటే ముందే రావచ్చు. ఆ సంతకం పడ్డాక ఎంత నిజం చెప్పినా ప్రయోజనం తక్కువ, నొప్పి ఎక్కువ. అందుకే ఈ వారంలోనే మాట్లాడమంటున్నాను.

మాట్లాడేటప్పుడు మీరు చేయకూడని పని ఒకటుంది. బంధువులు ఉన్నప్పుడో, ఆయన ఎవరికో ఫోనులో మీ గురించి గర్వంగా చెబుతున్నప్పుడో ఈ మాట ఎత్తవద్దు. ఒంటరిగా, తీరికగా ఉన్నప్పుడు కూర్చోండి. "నేను వెళ్లను" అని మొదలుపెడితే ఆయన చెవికి అది తిరస్కారంగానే వినిపిస్తుంది. "నాన్నా, మీరు నాకోసం ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు, అందుకే మీకు నిజం చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అని మొదలుపెట్టండి. స్నేహితులను చూసి దరఖాస్తు చేశానన్న సంగతీ దాచవద్దు. ఆ మాట మీకు సిగ్గుగా అనిపించవచ్చు గానీ, ఆయన తన ఒక్క ఆస్తిని దేని మీద పెడుతున్నారో తెలుసుకునే హక్కు ఆయనకు ఉంది. కోపం వస్తే రానివ్వండి. తనకు దక్కని చదువును మీలో చూసుకుంటున్న మనిషి బాధపడకుండా ఉండరు, ఆ బాధ తీరడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజుల మౌనాన్ని భరించలేక మాట వెనక్కి తీసుకోవద్దు.

అప్పు లెక్క కూడా కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. విద్యార్థి వీసా మీద డిగ్రీ, ఆపై స్థాయి చదువులు చదివేవాళ్లు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీలులేదు. అందువల్ల అక్కడి సంపాదనతోనే ఫీజు తీర్చుకోవచ్చన్న ఊహ నిలవదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా కాలాన్ని కూడా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. ఆలోగా తగిన ఉద్యోగం దొరకకపోతే వాయిదాలు ఎవరు కడతారు, అప్పటికి తమ్ముడి చదువు ఎక్కడిదాకా వస్తుంది అన్నవి మీ ఇద్దరూ కలిసి చూడవలసిన లెక్కలు.

వెళ్లడం, మానడం అన్న రెండే దారులు ఉన్నాయనుకోవద్దు. సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయడానికి వీలుంటుందా అని డిపాజిట్ కట్టకముందే విశ్వవిద్యాలయానికి రాసి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని కొత్త ఏడాది ఫీజు వసూలు చేస్తాయి. ఈలోగా మీకు నచ్చిన రంగంలో ఏదైనా ఉద్యోగంలో చేరండి. బ్రిటన్ ప్రభుత్వం ఏడాది మాస్టర్స్ చదువుకు పూర్తి ఖర్చు భరించే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, అడుగుతారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు, అయితే జీవన ఖర్చులకు డబ్బు ఉందని చూపించాలి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసి ఉంటే ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కనుక, ఒక ఏడాది ఆగినంత మాత్రాన మీరు పడిన శ్రమ వృథా కాదు.

ఒకవేళ ఆ ప్రశ్నకు మీ సమాధానం "చేరతాను" అనే వస్తే, అప్పుడు కూడా నాన్నగారితో కూర్చోండి. ఇల్లు మొత్తాన్ని తాకట్టు పెట్టకుండా విద్యారుణం దొరుకుతుందేమో, ఆ వాయిదాలు మీ పేరు మీదే ఉంటాయేమో కనుక్కోండి. ఆయన ఏమన్నారో, మీ సమాధానం ఏమి వచ్చిందో నాకు మళ్లీ రాయండి.