ప్యాకెట్లు చింపడం మానెయ్, ఆట మానకు

చిన్నా,

ఆదివారం ఫోన్లో నువ్వు "అమ్మకి చెప్పకు పిన్నీ" అన్నప్పుడే అనుకున్నాను, ఇది ఫోన్లో తేలే విషయం కాదు, కూర్చుని రాయాలని. అక్కకి చెప్పను, ఆ భయం పెట్టుకోకు. కానీ కాలేజీ తెరిచినప్పటి నుంచి మ్యాజిక్ అనే ఆ ఆట కార్డుల ప్యాకెట్లకి, లోపల ఏ కార్డుందో చింపితే గాని తెలియనివాటికి, క్రెడిట్ కార్డు మీద 400 డాలర్లు పెట్టానన్నావు చూడు, ఆ లెక్క నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మన డబ్బుల్లో దాదాపు 35 వేలు. నీ వీసా మీద క్లాసులున్నన్నాళ్ళూ వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. గంటకి 12 డాలర్లు వేసుకున్నా, డైనింగ్ హాల్లో 33 గంటలు పళ్ళేలు కడిగిన డబ్బు అది. ఊళ్ళో మీ నాన్న పేరు మీద ఉన్న లోను బాకీ ఇంకా తగ్గనే లేదు.

ఆట మానెయ్యమని మాత్రం చెప్పను. 1998లో నేనీ దేశం వచ్చినప్పుడు, ఆ మొదటి చలికాలం క్లాసు అయిపోతే మాట్లాడే మనిషి లేడు. లైబ్రరీ కింది గదిలో నలుగురు పిల్లలు ఈ మ్యాజిక్ కార్డులే ఆడుతుంటే నిలబడి చూస్తున్నాను. ఒకమ్మాయి కుర్చీ జరిపి, తన డెక్ (ఆడడానికి కట్టుకున్న కార్డుల కట్ట) ఒకటి నా చేతిలో పెట్టి కూర్చోమంది. నేను పైసా పెట్టలేదు. ఆ సెమిస్టరంతా అరువు డెక్‌తోనే ఆడాను. ఈ ఆటలో దొరికే అసలు సుఖం ఏ ప్యాకెట్టూ కొనకుండానే దొరికింది నాకు. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

1993లో ఈ ఆట తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ లెక్కల మనిషి. కొన్ని కార్డులు బోలెడు (కామన్), కొన్ని తక్కువ, కొన్ని మరీ అరుదు (రేర్) అన్న ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉంది. 2008లో ఆ పైన మిథిక్ రేర్ అని ఇంకో మెట్టు కట్టారు. నువ్వు వెంటపడుతున్న కార్డు ఆ మెట్టు మీదే ఉంది. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఒక సెట్టులో, అంటే ఒక విడతగా వదిలిన కార్డుల్లో, మిథిక్‌లు 20 ఉన్నాయనుకో. ప్యాకెట్లో మిథిక్ పడేది సుమారు ఏడింటికి ఒకసారి. అంటే నీక్కావలసిన ఆ ఒక్క కార్డు సగటున 140 ప్యాకెట్లకి ఒకటి. 2025లో మామూలు సెట్టు ప్యాకెట్టుకి కంపెనీ వేసిన ధర 5 డాలర్ల 49 సెంట్లు. గుణిస్తే 768 డాలర్లు దాటుతుంది. అదే కార్డు విడిగా 30 డాలర్లంటే ఖరీదనిపించి వదిలేశానన్నావు కదా నాన్నా. ఆ 30 చాలా చవక.

ఆ చింపడంలో ఏముందో నాకు తెలుసు. కొత్త అచ్చు వాసన, బొటనవేలితో ఒక్కో కార్డూ వెనక్కి తోస్తూ రేర్ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టడం. ఆ పది సెకన్లే నీకు అమ్ముతున్నారు. ఆ తర్వాత చేతిలో మిగిలే పద్నాలుగు కార్డుల్లో నీ డెక్‌లోకి ఎక్కేవి ఒకటో రెండో.

నాకీ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో రెండేళ్ళు జీతం రోజు సాయంత్రం ప్యాకెట్ల పెట్టె ఒక్కోటి కొనేదాన్ని. చెప్పుల డబ్బాల్లో సర్దిపెట్టుకున్నాను. కారు బాగుచేయించాల్సి వచ్చి వాటిని ఒక షాపుకి తీసుకెళితే, అతను గంటసేపు మూడు కుప్పలుగా వేరుచేశాడు. కాస్త విలువున్న కుప్ప ఒక చేత్తో పట్టుకునేంత. తతిమ్మావి వెయ్యికి 4 డాలర్ల లెక్కన తీసుకుంటానన్నాడు. అన్నీ కలిపి నా చేతికొచ్చింది 61 డాలర్లు. అతను మోసమేమీ చెయ్యలేదు, ఎక్కడికెళ్ళినా అంతే. షాపువాడు మళ్ళీ అమ్ముకోవాలి కాబట్టి మంచి కార్డుకైనా అమ్మకం ధరలో సగానికి అటూ ఇటూ ఇస్తాడు. డబ్బు బదులు స్టోర్ క్రెడిట్ తీసుకుంటే కొంచెం ఎక్కువిస్తాడు, ఎలాగూ అక్కడే కొనేటట్టయితే అది మేలు.

"కార్డులు బంగారంలాంటివి, దాచుకుంటే పెరుగుతాయి" అన్నాడట నీ రూమ్మేట్. పెరిగినవి ఏవో అతన్ని అడుగు. తొలి ఏళ్ళ కార్డులు కొన్నిటిని మళ్ళీ అచ్చు వెయ్యబోమని 1996లో కంపెనీ మాటిచ్చి జాబితా కట్టింది. ఆకాశానికి ఎగబాకినవి ఎక్కువగా అవే. నీ సొరుగులో ఉన్నవి ఆ జాబితాలో లేవు, రేపు కావాలంటే మళ్ళీ అచ్చు వేస్తారు. వెయ్యకపోయినా గండాలున్నాయి. 2024 సెప్టెంబరులో కమాండర్‌లో (వంద కార్డుల డెక్‌తో మ్యాజిక్ ఆడే పద్ధతి అది) మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ లాంటి కార్డుల్ని నిషేధించారు, అప్పటిదాకా పెద్ద ధర పలికిన కార్డులు ఒక్కరోజులో పడిపోయాయి. ఇక 2023లో ఒకే ఒక్క ప్రతి అచ్చువేసిన ఉంగరం కార్డు సంగతి. పోస్ట్ మలోన్ అనే గాయకుడు దాన్ని సుమారు 20 లక్షల డాలర్లకి కొన్నాడు. అది దొరికింది ఒక్కరికి. దానికోసం ఖరీదైన ప్యాకెట్లు చింపినవాళ్ళు ఎంతమందో.

కాబట్టి ఇలా చెయ్యి. కావలసిన కార్డు సింగిల్‌గానే, అంటే విడిగానే కొను. కొత్త సెట్టు వచ్చిన మొదటి వారం కొనకు, అందరూ ఎగబడతారు, మూడు నాలుగు వారాలాగితే చాలా కార్డులు దిగుతాయి. అంచులు కాస్త అరిగినవి అడిగి తీసుకో, స్లీవ్‌లో (కార్డు తొడుగులో) పెట్టాక ఎవరికీ తెలియదు, చవగ్గా వస్తాయి. కమాండర్ ఆడాలనుంటే సిద్ధంగా కట్టిన వంద కార్డుల డెక్ సుమారు 45 డాలర్లకి దొరుకుతుంది, ఆర్నెల్లు దాంతోనే ఆడు. ఏ కార్డు చేతికొచ్చిన ప్రతిసారీ పనికిరాకుండా పోతోందో ఆటే నీకు చెబుతుంది, అప్పుడు అదొక్కటే మార్చు. పాపర్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో కామన్ కార్డులే వాడాలి. నాకది చాలా ఇష్టం. డబ్బున్నవాడికి అక్కడ పెద్ద ఎక్కువేమీ ఉండదు. ప్యాకెట్ చింపాలన్న సరదా మరీ పట్టుకుంటే నెలకోసారి షాపులో డ్రాఫ్ట్ అనే ఆటకి వెళ్ళు. పదిహేను, ఇరవై డాలర్లకి మూడు ప్యాకెట్లు చింపి, వాటితోనే డెక్ కట్టుకుని సాయంత్రమంతా ఆడతావు. అక్కడ చింపడం ఆటలో భాగం. స్నేహితుల మధ్యయితే ఖరీదైన కార్డు బదులు కాగితం మీద రాసి స్లీవ్‌లో పెట్టుకోవచ్చు, ముందుగా అడిగి పెట్టుకో. టోర్నమెంటులో అది కుదరదు. దాన్ని అసలు కార్డని ఎవరికైనా అమ్మితే మాత్రం నా గుమ్మం తొక్కకు.

శనివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెట్టామన్నావే, అది విని నాకు నిజంగా సంతోషమేసింది. పాచికలు వేస్తూ, ఒకరు నడిపిస్తుంటే అందరూ కలిసి కథగా ఆడే ఆట, 1974 నుంచి ఉంది, కార్డులతో పోలిస్తే దీనికి ఖర్చే లేదు. మూడు పెద్ద పుస్తకాలు, ఒక్కోటీ 50 డాలర్లు. అందరూ కొనాలనుకుంటారు, అక్కర్లేదు. ఆట నడిపేవాడి దగ్గర ఉంటే చాలు. మొదట్లో అతనికీ అవసరం లేదు, అసలు నియమాలు 2023లో క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేశారు, ఉచితంగా దింపుకోవచ్చు. పాత్‌ఫైండర్ అని ఇలాంటిదే ఇంకో ఆట ఉంది, దాని నియమాలైతే మొత్తం ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఇంకొకటి చూసుకో: కాగితం పుస్తకం కొన్నావని డిజిటల్ కాపీ ఊరికే రాదు, దాదాపు ప్రతిదానికీ మళ్ళీ కట్టించుకుంటారు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకో.

మేం ఆడినప్పుడు ఐదుగురికీ కలిపి ఒకటే పుస్తకం, ఏడు పాచికల సెట్టు ఒకటే. వాటిని స్టీలు పళ్ళెంలో వేస్తే కింది ఇంటావిడ తలుపు కొట్టేది, అందుకని పళ్ళెంలో తువ్వాలు పరిచేవాళ్ళం. పాత్రలకి గుర్తుగా పెట్టే బొమ్మలు కొనే స్తోమత లేదు. మీ అమ్మమ్మ చింతపండు పంపినప్పుడు ఏరిన పిక్కలుండేవి, గాబ్లిన్లన్నీ (కథలో వచ్చే చిన్న భూతాలు) అవే. పెద్ద రాక్షసుడికి జాజికాయ పెట్టేదాన్ని. ఇప్పటికీ మీ బాబాయి జాజికాయ చూస్తే చెయ్యి పాచికల వైపు పోతుంది. ఆ ఆటలో అసలు ఖర్చు ఆట నడిపేవాడి టైము. వారమంతా కథ అల్లుకుని వస్తాడు పాపం, అతని చేత పిజ్జా కూడా కొనిపించకండి. తిండి వంతులు వేసుకోండి. నీ వంతు రోజు పులిహోర కలుపు, పది మందికైనా నాలుగైదు డాలర్లు దాటదు.

డబ్బు సంగతి ఒక్కటి గట్టిగా చెబుతున్నా. క్రెడిట్ కార్డు మీద ఆట వస్తువు ఇక ఒక్కటి కూడా కొనకు. నెలకి 25 డాలర్లు కవర్లో పెట్టుకో, అయిపోతే వచ్చే నెలదాకా ఆగు. కొనకపోతే మిగిలింది పోగవుతుంది, ఎప్పుడో ఒక మంచి కార్డు దిగులు లేకుండా కొనుక్కుంటావు. ఇప్పుడున్న 400 బాకీ ముందు తీర్చు. వడ్డీ ఎక్కకుండా ఈ నెల నీకెంత తక్కువయితే అంత నన్నడుగు, నెమ్మదిగా తిరిగిద్దువుగాని.

థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నావుగా. చింపిన కార్డులన్నీ, పనికిరానివనుకున్నవి కూడా, మూటగట్టి తీసుకురా. భోజనాలయ్యాక టేబుల్ మీద పోసి, వాటిల్లోంచే నీకూ నాకూ చెరొక పాపర్ డెక్ కడదాం. స్లీవ్‌లు కొనకు, నా దగ్గర రెండు డబ్బాలున్నాయి.

ప్రేమతో,
పిన్ని