ఓడ మీంచి పడిన కుర్రాడి కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. బోస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో ప్లిమత్ వెళ్లి పాత కాగితాలు తిరగేసి, మనవాళ్ల కోసం జాన్ హౌలాండ్ వంశం కథ తెలుగులో రాయాలనుకున్నావు. సంతోషం. మొదటి పేజీ మాత్రం నాకు నచ్చలేదు. రూజ్‌వెల్ట్, బుష్, ఎమర్సన్ అంతా ఆయన సంతతేనంటూ ఎత్తుకున్నావు. నిజమే, కాదనను. కానీ ఆ పేర్లు ముందే చెప్పేస్తే, పాపం, ఆయన వేసిన ప్రతి అడుగూ అమెరికాకు ప్రెసిడెంట్లను ఇవ్వడానికే వేసినట్టు కనిపిస్తుంది. 1620లో ఇంగ్లండ్ నుంచి వలసవాళ్లను ప్లిమత్‌కు తెచ్చిన మేఫ్లవర్ ఓడ ఎక్కినప్పుడు ఆయన, ఆ కాలనీకి మొదటి గవర్నరైన జాన్ కార్వర్ దగ్గర పనికి కుదిరిన కుర్రాడు, అంతే. ఆ పెద్దపేర్లు ఎక్కడో వెనక ఒక్క వాక్యంలో పెట్టు.

తుఫానులో ఓడ మీంచి సముద్రంలో పడిపోయిన ఘట్టం దగ్గర, ‘దేవుడు వంశకర్తగా ఎంచుకుని బతికించాడు’ అని రాశావు. ఆ సంగతి మనకు తెలిసింది కార్వర్ తర్వాత గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి వల్ల. ఆయన ఆ చరిత్ర రాయడం మొదలుపెట్టింది 1630లో. అప్పటికి హౌలాండ్ కాలనీలో లెక్కలోకి వచ్చే మనిషి. అందుకే పడిపోవడం చెప్పిన వెంటనే, తర్వాత చర్చికీ సమాజానికీ పనికొచ్చాడని కలిపాడు. అదే ఓడలో ఉన్నవాడే రాశాడు కానీ, కథ ఎటు పోయిందో తెలిశాక రాశాడు. నువ్వు తాడు దగ్గరే ఆగు. పైతెరచాప తాడు నీళ్లలో వేలాడుతోంది, దాన్ని వదలకుండా పట్టుకుని నీళ్లలో మునిగిపోయాడు, లాగి పడవ కొక్కెంతో ఓడ మీదికి చేర్చారు, కొన్నాళ్లు ఒంట్లో బాగోలేదు. దేవుడి సంగతి బ్రాడ్‌ఫర్డ్ చూసుకుంటాడు.

అసలు నీ కథకు మూలస్తంభం ఎలిజబెత్ టిల్లీ అని నాకనిపిస్తోంది. నువ్వేమో ఆమెను ‘భార్య’ అని ఒక్క ముక్కలో దాటేశావు. 1607 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని హెన్లోలో బాప్తిస్మం పొందిన పిల్ల. ఓడ దిగేనాటికి పదమూడేళ్లు. ఆ మొదటి చలికాలంలోనే అమ్మ, నాన్న, వెంట వచ్చిన బాబాయి, పిన్ని అందరూ పోయారు. వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది అలాగే పోయారు. 1621 వసంతంలో కార్వర్, కొద్ది వారాలకే ఆయన భార్య కూడా పోయారు. అలాంటి చోట ఈ పిల్ల పెరిగి, హౌలాండ్‌ను పెళ్లాడి, పదిమందిని కని, పదిమందినీ పెద్దవాళ్లను చేసింది. అక్కడ కాస్త నిలబడి రాయాలి కదా!

పైగా, ఆమె కార్వర్ గవర్నరు కూతురని ఆ వంశంలో చాలాకాలం నమ్మారు. 19వ శతాబ్దంలో ప్లిమత్ శ్మశానంలో అదే మాట రాతి మీద చెక్కించారు కూడా. పనివాడు యజమాని కూతుర్ని పెళ్లాడాడంటే మన సినిమాకి పనికొచ్చే కథ, ఎవరికి చేదు? తర్వాత, పోయిందనుకున్న బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడి 1856లో అచ్చయింది. అందులో ప్రయాణికుల జాబితా ఉంది. హౌలాండ్ పెళ్లాడింది జాన్ టిల్లీ కూతుర్ని అని, పదిమంది పిల్లలూ బతికే ఉన్నారని స్పష్టంగా ఉంది. నీ రెండో అధ్యాయంలో ఇంకా గవర్నరు అల్లుడే తిరుగుతున్నాడు. నువ్వు చదివిన పాత పుస్తకం ఏ సంవత్సరం అచ్చయిందో చూసుకో.

‘ఖాళీ నేల’ అన్నచోట నేను ఎర్రగీత పెట్టాను. అది వాంపనోగ్ అనే స్థానిక తెగవాళ్ల ఊరు, పటుక్సెట్. కొద్ది ఏళ్ల ముందు వచ్చిన మహమ్మారి అక్కడివాళ్లను తుడిచిపెట్టింది. 1621లో ఈ వలసవాళ్లతో ఒప్పందం చేసుకున్న వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్. ఆయన కొడుకు మెటాకమ్ మీదే 1675లో యుద్ధం. హౌలాండ్ కొడుకు జబేజ్ ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల వైపు పోరాడాడు. మెటాకమ్ చిన్న కొడుకును బానిసగా అమ్మేశారు. వంశచరిత్ర రాస్తూ రెండో వంశాన్ని వదిలేస్తే ఎలా?

1634లో ఉత్తరాన కెనెబెక్ నది దగ్గర జరిగిన గొడవ కూడా నువ్వు ఎత్తలేదు. బీవర్ తోళ్ల వ్యాపారం. ప్లిమత్ తరఫున అక్కడ పెత్తనం హౌలాండ్‌దే. హాకింగ్ అనేవాడి పడవ తాళ్లు కోయమని మనుషుల్ని పంపాడు. హాకింగ్ ఒకణ్ణి కాల్చేశాడు, ఇవతలివాళ్లు హాకింగ్‌ను కాల్చేశారు. దాన్ని దాచకు, సమర్థించకు.

చిన్నవి రెండు. హౌలాండ్ ఇంటిపేరున్న వాళ్లంతా ఈయన సంతానం కాదు, ఆయన సోదరులు ఆర్థర్, హెన్రీల శాఖలు వేరు. ఇక ఆయన మరణం 1672 అని ఒకచోట, 1673 అని మరోచోట రాశావు. అప్పట్లో ఇంగ్లీషువాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఆయన పోయింది ఫిబ్రవరిలో. 1672/73 అని రాసి, ఒక్కసారి వివరించి వదిలేయి.

తర్వాతి విడతలో ముందు ఎలిజబెత్ వీలునామా అధ్యాయం రాసి పంపు. మసాచుసెట్స్‌లోని స్వాన్సీలో, 1686లో, తనకు 79 ఏళ్లని చెప్పుకుని రాయించింది. కూతురు లిడియాకు ఈకల పరుపు, ఆకుపచ్చ రగ్గు, చిన్న ఇత్తడి పాత్ర, చిన్న బైబిలు, తమ పాత పాస్టరు రాబిన్సన్ పుస్తకం ఇచ్చింది. పూర్తి జాబితా నీ దగ్గర ఉందిగా, ఏ వస్తువూ వదలకు.

ఆశీస్సులతో.