కోడిపిల్లల పార్శిల్‌కు అప్పు పైసలు పంపకండి

ప్రశ్న: నమస్తే మేడం. మాది పరకాల దగ్గర ఊరు. ఎకరంన్నర పత్తి మీద ఇల్లు గడవడం లేదు. వేరే రాష్ట్రం నుంచి ఒకాయన ఒకరోజు వయసున్న కడక్‌నాథ్ (నల్లకోడి) పిల్లలను 80 రూపాయల చొప్పున 500 పంపుతానంటున్నాడు. పిల్లలకు 40,000, కిరాయికి 4,000 ముందే ఫోన్‌లో కొట్టాలట. మహిళా సంఘంలో 60,000 లోన్ వస్తుంది. ఏప్రిల్‌లో తెప్పించుకోవచ్చా?

జవాబు: కోళ్లు పెంచండి. కానీ పిల్లలను ఇలా తెప్పించొద్దు, ఈ అప్పుతో అసలే వద్దు.

గుడ్డు పగిలేముందు పిల్ల పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. ఆ బలంతోనే రెండు మూడు రోజులు మేత, నీళ్లు లేకున్నా బతుకుతుంది. పార్శిల్ వ్యాపారమంతా ఆ 72 గంటల మీదే నడుస్తుంది. అమెరికాలో 1918 నుంచి కోడిపిల్లలను పోస్టులో పంపుతున్నారు. అంత అలవాటున్న చోటే 2025లో డెలావేర్‌లో వేల పిల్లలతో ఉన్న ట్రక్కు మూడు రోజులు ఆగిపోయి సుమారు 4,000 చనిపోయాయి. మన ఏప్రిల్ ఎండల్లో అట్టపెట్టె ఒక్క మధ్యాహ్నం బయట ఉన్నా చాలు.

నేనూ ఒకసారి మా అమ్మ కోసం 50 పిల్లలను అలాగే తెప్పించాను. హనుమకొండలో పెట్టె విప్పితే 18 చనిపోయి ఉన్నాయి. మిగిలినవి తల వాల్చేసి ఉంటే అమ్మ రాత్రంతా చెంచాతో బెల్లం నీళ్లు తాగించింది. పంపినవాళ్లు తర్వాత ఫోన్ ఎత్తలేదు. చనిపోయినవాటికి బదులు పంపుతామని మీకూ చెప్పే ఉంటారు. బతికి చేరి మూడో రోజు పోయిన పిల్ల ఆ లెక్కలోకి వస్తుందో లేదో అడగండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ ఖర్చు 44,000. దారిలో 100 పోయాయనుకుంటే, మిగిలిన 400లో ఒక్కోటి 110 రూపాయలు పడినట్టు. మొదటి మూడు వారాల్లో ఇంకో 80 పోతే ఒక్కోటి 137 దాటుతుంది. చేతిలో మిగిలిన 16,000తోనే షెడ్డు, బల్బులు, దాణా, టీకాలు అన్నీ కావాలి. కడక్‌నాథ్ నెమ్మదిగా పెరుగుతుంది, అమ్మే బరువు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. సంఘం కిస్తీ మాత్రం వచ్చే నెలనుంచే మొదలవుతుంది. నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇదే. ఆ ఐదు నెలల కిస్తీలు పత్తి పైసల్లోంచే కట్టాలి, ఒక్క నెల తప్పినా సంఘంలో మిగతా ఆడవాళ్ల ముందు మీ మాట పోతుంది.

ఇంకో మాట. నల్లగా ఉన్న పిల్ల ప్రతిదీ కడక్‌నాథ్ కాదు. ఒకరోజు పిల్లలో పుంజేదో పెట్టేదో మనలాంటివాళ్లకు తెలియదు. లేయర్ (గుడ్ల కోళ్ల) పిల్లలను పొదిగించే హేచరీల్లో పనికిరాని పుంజు పిల్లలను నాటు పిల్లలని అమ్మేవాళ్లూ ఉన్నారు.

ముందు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి పెంపకం గురించి, పిల్లలు ఎక్కడ దొరుకుతాయన్న దాని గురించి అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ మన పెరళ్లకు సరిపోయే రకాలు. ముందుగా బుక్ చేసుకుని మీరే వెళ్లండి. కళ్లు తెరిచి, కాళ్ల మీద నిలబడి, బొడ్డు ఎండిన పిల్లలనే ఏరుకోండి. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇంట్లో గంప కింద ఉంటాయి. మారెక్స్ అనే కోళ్ల జబ్బు రాకుండా వేసే టీకా హేచరీలోనే వేశారా అని అడిగి రాయించుకోండి. కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు మొదటి వారంలోనే వేయించాలి. ఆ వారమంతా బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అనుకోండి.

ఎండలు తగ్గాక 100 పిల్లలతో మొదలుపెట్టండి. ఒక్క బ్యాచ్ అమ్మి చేతికొచ్చింది చూశాకే రెండో బ్యాచ్.

ఇప్పటికే అడ్వాన్సు కొట్టి ఉంటే, అవతలివాళ్లు మాయమైతే, ఆ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కొట్టకపోతే, వచ్చే సంఘం మీటింగ్‌లో లోన్‌ను 20,000కు తగ్గించి రాయమనండి. కిస్తీ ఎంత పడుతుందో అక్కడే కనుక్కుని, మొదటి ఐదు కిస్తీల పైసలు పక్కన పెట్టాకే పిల్లలకు బయలుదేరండి.