దాళ్వా గట్టు మీది మామిడి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

వరి చేను గట్టు మీది బంగినపల్లి మామిడి చెట్లు రెండేళ్లుగా పూతకి బదులు చిగురే వేస్తున్నాయని, ఏ మందు కొట్టాలో చెప్పమని రాశావు. మందు సంగతి తర్వాత చూద్దాం. పూత కనపడేది పుష్యంలో అయినా, వస్తుందో రాదో సగం తేలిపోయేది కాయ దించిన నెలలోనే.

మామిడి ఏడాది పొడవునా ఎదిగే చెట్టు కాదు. కొబ్బరికైతే ఆకుకో గెల, కాలంతో పనిలేదు. మామిడి ఒక విడత చిగురేసి ఆగుతుంది, మళ్లీ వేస్తుంది. ఒక కొమ్మని చివర నుంచి వెనక్కి వేలితో తడుముతూ రా. అక్కడక్కడ మచ్చలు ఉంగరాల్లా దగ్గరగా చేరి గరుగ్గా తగులుతాయి. ఎదుగుదల ఆగి, చివరి మొగ్గ మూసుకున్న చోటది.

ఆ మొగ్గ మళ్లీ విచ్చుకున్నప్పుడు చిగురవుతుందా, పూతవుతుందా అన్నదే మన తలనొప్పి. చలి గట్టిగా పడే ఊళ్లలో మొగ్గని పూత వైపు తిప్పే పని చలే చేసిపెడుతుంది. మనకి సముద్రం దగ్గర, జనవరి రాత్రుళ్లు కూడా 18, 20 డిగ్రీల చుట్టూనే. అందుకని ఇక్కడ కొమ్మ ముదురు మీదే ఎక్కువ ఆధారం. చిగురేసి నాలుగైదు నెలలు దాటిన కొమ్మే పూతకి వస్తుంది. దసరాకి వేసిన చిగురు మీద ఆశ పెట్టుకోకు.

కాబట్టి కాయ దిగగానే, జూన్‌లోనే, ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన కొమ్మలు, కాయ కోసిన కాడలు తీసెయ్. ఎరువు కూడా అప్పుడే వెయ్యి. వినాయక చవితి దాటాక యూరియాని చెట్టు ఛాయలకి రానివ్వకు. జూలై చిగురు రాగి రంగులో వచ్చి, లేత పచ్చకి తిరిగి, ఆనక ముదురాకు అవుతుంది. మడిస్తే పెళుక్కున విరగాలి, అప్పుడు ముదిరినట్టు.

నీ అసలు ఇబ్బంది నీళ్లు. పూతకి ముందు రెండు నెలలైనా మామిడి పాదు ఆరాలి. మెట్టలో అది దానంతటదే జరిగిపోతుంది. నీకేమో సార్వా, అంటే వానాకాలం వరి, కోసి నెల తిరక్కుండా దాళ్వాకి, అంటే రెండో పంటకి, మళ్లీ నీళ్లు పెట్టేస్తారు. వేరు తడిసే ఉంటే చెట్టు చిగురు వేయక ఏం చేస్తుంది? సార్వా కోతలకి ముందే, పాదుకి అవతల చేను వైపు మోకాలి లోతు బోదె, అంటే చిన్న కాలవ, తవ్వి మురుగు కాలవలో కలుపు. బోదె మన గట్టులోనే ఉండాలి సుమా, పక్క చేనువాళ్లతో పేచీ వద్దు.

నవంబరు చివర మొగ్గలు చూడు. సన్నగా, కోసుగా ఉంటే ఇంకా ఆగు. లావెక్కి గుండ్రంగా ఉబ్బితే పొటాషియం నైట్రేట్ లీటరు నీటికి 10 గ్రాములు కలిపి కొట్టు, పూత ఒక్కసారిగా వస్తుంది. కొమ్మ ముదరకుండా కొడితే మళ్లీ చిగురే, డబ్బు దండగ. కొట్లో కల్టార్ అని, చిగురు ఆపి పూత రప్పించే మందు అంటగడతారు. ఈ నాలుగు చెట్లకి అదెందుకు? మోతాదు మించితే కొమ్మలు కురచబడతాయి, మందు నేలలో చాలాకాలం ఉండిపోతుంది.

ఒకేడు విరగకాసి మరుసటేడు ఊరుకోవడం బంగినపల్లికి మామూలే, దానికి టెన్షన్ పడకు. పూత మీద రసం పీల్చే తేనెమంచు పురుగు కనపడితే వెంటనే ఫోన్ చెయ్యి, ఉత్తరం రాస్తూ కూర్చోకు.

మీ మావయ్య