ఏడిస్తే కడుపులో బిడ్డకు తగులుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. తొలి కాన్పు, ఏడో నెల. పోయిన పంటకు తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యలన్నీ చనిపోయాయి. మేత బాకీ అలాగే ఉంది. మా ఆయన రాత్రంతా గుంటల దగ్గరే ఉంటారు, ఇంటికొచ్చినా మాట్లాడరు. అప్పులవాళ్లు నా ఫోనుకు చేస్తున్నారు. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగిందంటే కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోతుంది. నెల రోజులుగా సరిగా నిద్ర లేదు. ఏడుపొస్తే అత్తమ్మ ‘ఏడవకు, లోపలి బిడ్డకు తగులుతుంది’ అంటారు. తల్లి దిగులు పడితే బిడ్డకు బుద్ధి సరిగా రాదని ఒక వీడియోలో విన్నాను. నా బిడ్డకు ఇప్పటికే చెడు జరిగిపోయిందా?

జవాబు: లేదమ్మా, ఏడ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. దిగులు పడినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అదంతా బిడ్డకు చేరకుండా మాయ అడ్డుకుంటుంది. మాయలోని ఒక ఎంజైము అందులో ఎక్కువ భాగాన్ని పనిచేయని పదార్థంగా మార్చేస్తుంది. నెలలు నిండేకొద్దీ గర్భిణులందరిలోనూ కార్టిసాల్ మామూలుగానే పెరుగుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు తయారుకావడానికి అది కావాలి కూడా.

అయితే దిగులు నెలల తరబడి తగ్గకపోతే 37 వారాలు నిండకముందే కాన్పు కావడానికి, బిడ్డ 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడానికి అవకాశం కొంత పెరుగుతుంది. తల్లికి కాన్పయ్యాక కుంగుబాటు రావచ్చు. అవకాశం పెరిగిందంటే తప్పక జరుగుతుందని కాదు. కెనడాలోని క్యూబెక్‌లో 1998 జనవరిలో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల వారాల పాటు రాలేదు. అప్పుడు గర్భంతో ఉన్నవారి పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ ఇబ్బందులు పడిన తల్లుల పిల్లలు మాటల పరీక్షల్లో సగటున కొంత వెనకబడ్డారు, కానీ వాళ్లూ మామూలు పిల్లల్లాంటివారే. మీరు చూసిన వీడియో ఇలాంటి విషయాన్నే భయం పుట్టేలా చెప్పి ఉంటుంది. దాన్ని మళ్లీ చూడకండి.

నన్ను కలవరపెడుతున్నవి మీ కన్నీళ్లు కావు, నెల రోజులుగా లేని నిద్ర, కంచంలో మిగిలిపోతున్న అన్నం. రెండు వారాలు దాటి ఇలా ఉంటే అది డాక్టరుకు చెప్పవలసిన జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వర్ధమాన దేశాల్లో నూటికి 15 మందికి పైగా గర్భిణులు మానసిక సమస్యలతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారు. దీనికి చికిత్స ఉంది. చాలామందికి మాటల చికిత్సే సరిపోతుంది. మందు అవసరమైతే గర్భిణులకు ఇవ్వదగినవి డాక్టరే చూసి ఇస్తారు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి. మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోను సేవ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే ఇంట్లో చెప్పి, ఈ నంబరుకు చేయండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలికలు తగ్గడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అత్తమ్మ ప్రేమతోనే అంటున్నారు. కానీ ఆ మాట వల్ల మీరు దిగులుకు తోడు, దిగులు పడుతున్నానన్న భయం కూడా మోస్తున్నారు. మాటకు బదులు భోజనం వేళ ఆమెను మీ పక్కన కూర్చోమనండి, ఆ సేపు ఫోను ఆమె దగ్గరే ఉంచండి.

ఇక మీ ఆయన సంగతి. అప్పు కోసం గర్భిణికి ఫోను చేయడం అన్యాయం, దాన్ని ఆపించవలసింది ఆయనే. ‘ఏదైనా నాతోనే మాట్లాడండి’ అని మేత డీలరుకు గట్టిగా చెప్పాలి. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి మీకు చూపమనండి. లెక్క తెలియని అప్పు రాత్రిపూట ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన మౌనం కోపం కాకపోవచ్చు, పంట పోయిందన్న అవమానం కావచ్చు. ఆయనా నిద్ర లేకుండానే ఉన్నారు కదా.

తొలి కాన్పుకు ఎలాగూ పుట్టింటికి వెళ్తారు. అక్కడ నెమ్మదిగా ఉంటుందనుకుంటే డాక్టరును అడిగి కొన్నాళ్లు ముందే వెళ్లండి, తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకోండి. ఈలోగా ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చేసే పరీక్షలకు వెళ్లి, బీపీతో పాటు నిద్ర సంగతీ చెప్పండి. మీ ఆయనను బయట బల్ల మీద కూర్చోబెట్టకుండా గదిలోకి రమ్మనండి. డాక్టరు చెప్పేది ఆయన చెవిన కూడా పడాలి.