ఈ మూడు బోట్లలో మీ డబ్బుకు ఏది ఎక్కువ కాలం వస్తుంది?

ప్రశ్న: మేం నలుగురం. నేను, నా భార్య, పన్నెండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి. సెలవు రోజుల్లో అలలు లేని నీళ్ళలో తిరగడానికి, చేపలు పట్టడానికి గాలి నింపే చిన్న బోటు కొనాలని ఏడాదిన్నరగా నెలనెలా కొంత దాస్తున్నాను. కొత్తది మా వల్ల కాదు. పాతవి మూడు చూశాను. నేను దాచింది 100 అనుకుంటే మొదటిది 35. అది 2.3 మీటర్ల పీవీసీ బోటు, పదేళ్ళ పాతది. రెండోది 70. 2.9 మీటర్ల హైపలాన్ (ఒక రకం రబ్బరు బట్ట) బోటు, తొమ్మిదేళ్ళది, తెడ్లు, పంపు ఉన్నాయి, మోటారు లేదు. మూడోది 120. నాలుగేళ్ళ పీవీసీ బోటు, చిన్న పెట్రోలు మోటారుతో సహా. తక్కువ పడే 20 క్రెడిట్ కార్డు మీద తీసుకుని వాయిదాల్లో కడదామని నా ఆలోచన. మా ఆవిడేమో 35ది కొని మిగతా డబ్బు బ్యాంకులోనే ఉంచమంటోంది. ఎవరి మాట సరైనది?

జవాబు: ముందు ఒక మాట. ఏడాదిన్నర పాటు ఒక సరదా కోసం క్రమం తప్పకుండా డబ్బు దాచడం చిన్న విషయం కాదు. ఆ డబ్బు నిలబడే చోట పెట్టాలి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ 100 కాకుండా, ఇంటి ఖర్చులకు కనీసం మూడు నుంచి ఆరు నెలలకు సరిపడా డబ్బు విడిగా ఉందనే నమ్మకంతో జవాబిస్తున్నాను. అది లేకపోతే బోటు సంగతి వచ్చే ఏడాది చూసుకుందాం.

మీ మూడో ఆలోచనను మొదటే పక్కన పెట్టేస్తాను. అప్పు చేసి బోటు కొనకండి. వాడిన కొద్దీ విలువ తగ్గే వస్తువు మీద వడ్డీ కట్టడమంటే రెండు వైపులా నష్టపోవడమే. పైగా ఆ 120తో కథ అయిపోదు. నలుగురికీ లైఫ్ జాకెట్లు కావాలి, పెట్రోలు డబ్బా కావాలి, మోటారుకు సర్వీసింగ్ కావాలి. మొదటి నెలలోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అప్పటికి మీ చేతిలో ఒక్క పైసా మిగలదు. పాత వస్తువు కొన్న మొదటి రెండు మూడు నెలల్లోనే దాని లోపాలు బయటపడతాయి. చేతిలో డబ్బు ఉండాల్సిందీ సరిగ్గా అప్పుడే.

ఇక మీ ఆవిడ మాట. డబ్బు మిగుల్చుకోవాలన్న ఆమె ఆలోచన నాకు నచ్చింది. కానీ 35 బోటుతో డబ్బు మిగలదు. గాలి బోటులో మనం నిజంగా కొనేది బట్టను. మోటారు మార్చుకోవచ్చు, తెడ్లు మార్చుకోవచ్చు, ట్యూబుల బట్ట పాడైతే మాత్రం బోటు అయిపోయినట్టే. పీవీసీ బట్ట ఎండలో ఎక్కువగా ఉంటే త్వరగా దెబ్బతింటుంది. సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళు వస్తుంది. ఎప్పుడూ నీడలో, కవరు కింద ఉంచితే ఇంకొంచెం ఎక్కువ. హైపలాన్ అని పిలిచే రబ్బరు బట్ట ఎండకు, పెట్రోలుకు బాగా తట్టుకుంటుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు కూడా వస్తుంది. అంటే మీ పదేళ్ళ పీవీసీ బోటు చివరి దశలో ఉంది, తొమ్మిదేళ్ళ హైపలాన్ బోటు ఇంకా సగం దూరంలోనే ఉంది.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఇవి నా అంచనాలు, మీరు చూసిన బోట్ల పరిస్థితిని బట్టి మార్చుకోండి. 35 బోటుకు అతుకులకీ వాల్వులకీ ఇంకో 15 అవుతుందనుకుందాం. రెండేళ్ళు వాడతారు, తర్వాత దాన్ని ఎవరూ కొనరు. 50 ఖర్చు, రెండేళ్ళు, అంటే ఏడాదికి 25. హైపలాన్ బోటుకు 70 పెట్టి, మరమ్మతులకు 10 వేసుకుని, ఐదేళ్ళు వాడి 30కి అమ్మారనుకోండి. మీకు పోయింది అదే 50. కానీ ఐదేళ్ళు వాడారు, ఏడాదికి 10 చొప్పున పడింది. మూడో బోటుకు వడ్డీ, మోటారు సర్వీసింగ్ కలిపి 140 దాకా వెళ్ళి, ఐదేళ్ళ తర్వాత 50 వెనక్కి వస్తే ఏడాదికి 18. దానికి మోటారుంది కాబట్టి 18 అన్యాయం కాదు, మీ స్తోమతకు ఇప్పుడు అది కుదరదు, అంతే. మూడింటిలోనూ అతి ఖరీదైనది ఆ 35 బోటే.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఏడాదికి ఎన్ని రోజులు నీళ్ళ మీదకు వెళ్తారు? ఆశగా చెప్పే సంఖ్య కాదు, పిల్లల పరీక్షలు, మీ ఉద్యోగం, వానలు అన్నీ తీసేశాక మిగిలే సంఖ్య. ఒక రోజు బోటు అద్దె మీ లెక్కలో 2 అనుకుంటే, ఏడాదికి 10 పడే బోటు ఐదు రోజులకు మించి వెళ్తేనే లాభం. మూడు, నాలుగు రోజులే కుదిరేట్టుంటే అద్దెకు తీసుకోవడమే తెలివైన పని, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎనిమిది, పది రోజులు ఖాయమనుకుంటే కొనండి.

కొనేట్టయితే నా ఓటు 70 బోటుకే, పరీక్షలో నెగ్గితేనే. ఆ పరీక్ష గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ డబ్బు నిలిచేదీ పోయేదీ అక్కడే.

మొదట, అది నిజంగా హైపలానేనా? ఆ పేరు డ్యూపాంట్ కంపెనీది. ఆ కంపెనీ 2010లో దాని తయారీ ఆపేసింది. అదే రకం రబ్బరును వేరే కంపెనీలు చేస్తున్నాయి, జనం మాత్రం పాత పేరుతోనే పిలుస్తున్నారు. అందుకే అమ్మేవాళ్ళు పీవీసీని కూడా ఒక్కోసారి హైపలాన్ అనేస్తుంటారు, చాలాసార్లు తెలియకే. పీవీసీ మెరుస్తూ ప్లాస్టిక్‌లా ఉంటుంది. హైపలాన్ మెరుపు లేకుండా రబ్బరులా ఉంటుంది, లోపలి వైపు రంగు చాలావాటిలో వేరుగా ఉంటుంది. తయారీ కంపెనీ, మోడల్ పేరు పట్టుకుని దాని వివరాల్లో బట్ట ఏదని ఉందో చూడటం అన్నిటికన్నా నమ్మకమైన దారి. వయసు కూడా మాట మీద నమ్మక్కర్లేదు. అమెరికా, యూరప్ మార్కెట్ల కోసం చేసిన బోట్లకు వెనక పలక మీద ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. ఆ సంఖ్యను గీకేసి ఉంటే ఇక మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి, అది దొంగ సొమ్ము కావచ్చు.

తర్వాత గాలి పరీక్ష. మీరు వెళ్ళేసరికి బోటు గాలి నింపి సిద్ధంగా ఉంటే సంతోషించకండి. మీ ఎదురుగా నింపమనండి, లేదా ముందు రోజు సాయంత్రం నింపి 24 గంటలు అలాగే ఉంచమనండి. ట్యూబుల్లో ఉండాల్సిన ఒత్తిడి సాధారణంగా 0.2 నుంచి 0.25 బార్. చిన్న గేజ్ ఒకటి వెంట తీసుకెళ్ళండి, అది ఖరీదైనది కాదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 0.25 చూపించిన ట్యూబు రాత్రి 20 డిగ్రీలకు చల్లబడితే ఏ లీకూ లేకుండానే 0.21కి పడిపోతుంది. కాబట్టి పొద్దున మెత్తగా ఉందని కంగారు పడకండి, మళ్ళీ అదే వేళకు, అదే ఎండలో కొలవండి.

సబ్బు నీళ్ళు స్పాంజితో అతుకుల మీద, వాల్వుల చుట్టూ రాయండి. ఒకచోట బుడగలు వస్తే అది చిన్న రంధ్రం, అతుకు వేసుకోవచ్చు. ట్యూబు పొడవునా సన్నటి నురగలా వస్తే బట్టే గాలి వదిలేస్తోందని అర్థం. అప్పుడు బేరం కూడా ఆడకండి. ట్యూబుల లోపలికి లీకులు ఆపే ద్రవం ఎప్పుడైనా పోశారా అని సూటిగా అడగండి. పోశారంటే బట్ట సంగతి వాళ్ళకు ముందే తెలుసు. పీవీసీ అయితే చెయ్యి పెట్టి చూడండి, జిగటగా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షను చాలామంది చెయ్యరు. ట్యూబులో విడివిడి అరలు ఉంటాయి, మధ్యలో బట్ట గోడలు ఉంటాయి. ఒక అర పగిలినా మిగతావి తేల్చి ఉంచాలని వాటిని పెడతారు. ఒక అరలోనే కొంచెం గాలి నింపి, పక్క అర ఉబ్బుతుందేమో చూడండి. ఉబ్బితే లోపలి గోడ చిరిగింది. నేను కొన్న మొదటి బోటులో సరిగ్గా ఇదే జరిగింది. పైకి ఒక్క అతుకే ఉంది, ధర బాగుంది, నమ్మి తీసుకున్నాను. బాగు చేయించడానికి తీసుకెళ్తే, ట్యూబు కోసి తెరిస్తే తప్ప ఆ గోడ అందదని, దానికయ్యే కూలి బోటు ధర దాటిపోతుందని చెప్పారు. ఆ డబ్బు పోయినందుకు కన్నా, ఆ బోటులో అప్పటికే రెండుసార్లు మా పిల్లల్ని ఎక్కించానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ ఇద్దరు పిల్లలూ అందులో కూర్చుంటారు కదా, ఈ పరీక్ష మాత్రం వదలకండి.

మోటారు బిగించే వెనక పలకను వేలితో తట్టండి. లోపల ఉండేది ప్లైవుడ్. గట్టిగా టక్ మనాలి, డొల్లగా మొద్దుగా వినిపిస్తే లోపల నీరు చేరి కుళ్ళింది. ఆ పలక ట్యూబుకు అతుక్కున్న చోట జిగురు లేచిందేమో కూడా చూడండి. అంచుల్లో కొంచెం లేస్తే మళ్ళీ అతికించవచ్చు, పీవీసీ జిగురు వేరు, హైపలాన్ జిగురు వేరు అని గుర్తుంటే చాలు. నేల చెక్క పలకలదా, అల్యూమినియందా, గాలి నింపేదా అన్నది మీ సౌకర్యం. గాలి నేల తేలిగ్గా ఉంటుంది, పలకల నేల మీద నిలబడి చేపలు పట్టడం సులువు.

బోటు మీద ఉండే ప్లేటు చదవండి. ఎంతమంది, ఎన్ని కిలోలు, ఎంత పవరు మోటారు అన్నది దాని మీద ఉంటుంది. మీ నలుగురి బరువు, సామాను, రేపు కొనబోయే మోటారు, పెట్రోలు అన్నీ కలిపి ఆ లెక్క లోపే ఉండాలి. 2.3 మీటర్ల బోటులో మీ నలుగురూ పట్టడం కష్టం, అది వద్దనడానికి ఇది ఇంకో కారణం. యూరప్ ప్రమాణాల ప్రకారం డి కేటగిరీ అని రాసి ఉంటే అది అర మీటరుకు మించని అలలకు, గాలి వేగాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలులో 4వ స్థాయి దాటని గాలికి చేసిన బోటు. మీరు చెప్పిన నీళ్ళకు అది చాలు, సముద్రంలోకి తీసుకెళ్ళడానికి కాదు.

ఇప్పుడు మీ 100ని ఇలా పంచుతాను. బోటుకు 70 లోపు. పరీక్షలో కనిపించిన ప్రతి చిన్న లోపాన్నీ చూపించి బేరమాడండి, సీజన్ అయిపోయాక అడిగితే ఇంకా తగ్గుతారు. లైఫ్ జాకెట్లకు 12. ఇక్కడ మాత్రం పాతవి వద్దు, కొత్తవే కొనండి, పిల్లలవి వాళ్ళ బరువుకు సరిపోయేవే తీసుకోండి. ఎదుగుతారు కదా అని పెద్ద సైజు తీసుకుంటే నీళ్ళలో పడినప్పుడు అది తల మీదుగా జారిపోతుంది. 3 అతుకుల సామాను, గేజ్, కవరులకు. మీ దగ్గర బోటుకు రిజిస్ట్రేషనో బీమానో తప్పనిసరేమో కొనకముందే కనుక్కోండి, ఆ ఖర్చు ఉంటే బోటు ధరలోంచే తగ్గించండి. మిగిలిన 15ని బ్యాంకులోనే ఉంచి మొదటి ఏడాది మరమ్మతులకు తప్ప ముట్టుకోకండి. మీ ఆవిడ అడిగింది కూడా ఇదే, ఆమెకు ఆ మాట చెప్పండి.

మొదటి సీజన్ తెడ్లతో నడుస్తుంది. నలుగురితో తెడ్డు వేయడం కష్టమే, ఒడ్డుకు దగ్గరలో ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళండి. ఇప్పటిదాకా నెలనెలా దాచినట్టే దాస్తూ ఉంటే ఏడాదిలో మోటారు డబ్బు చేతికొస్తుంది, వడ్డీ లేకుండా. అప్పుడు కూడా పాతదే చూసుకోవచ్చు. అమ్మేవాళ్ళు మీరు రాకముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారేమో మూత మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లటి మోటారు స్టార్ట్ అవ్వాలి. నీటితో చల్లబడే రకమైతే నడుస్తున్నంత సేపూ వెనక నుంచి సన్నటి నీటి ధార పడుతూ ఉండాలి. గేరు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది. షాఫ్ట్ (మోటారు నుంచి నీళ్ళలోకి దిగే కాడ) పొడవు 15 అంగుళాలా, 20 అంగుళాలా అన్నది మీ బోటు వెనక పలక ఎత్తును కొలిచి సరిపోల్చుకోండి. ఇది చూసుకోక కొన్న మోటారును మళ్ళీ నష్టానికి అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. 70 బోటు వాళ్ళకు ఫోన్ చేసి, శనివారం సాయంత్రం గాలి నింపి ఉంచమని, ఆదివారం అదే వేళకు వస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. ఒప్పుకుంటే గేజ్, సబ్బు నీళ్ళు తీసుకుని మీరిద్దరూ కలిసి వెళ్ళండి. పరీక్ష పూర్తయ్యేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి, కొన్నాక బోటు గుర్తింపు సంఖ్య రాసిన రసీదు మీద సంతకం తీసుకోవడం మరచిపోకండి.